అత్తయ్యగారి సోల, కోడలి కాటా

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆమె పుట్టిల్లు కరీంనగర్ వైపు, అత్తిల్లు పశ్చిమగోదావరి. మామగారికి షుగరు హెచ్చడంతో మూడు నెలల క్రితం అత్తమామలు వీళ్ల దగ్గరికి వచ్చేశారు. అత్తగారు తనతోపాటు ఒక ఇత్తడి సోల, చేత్తో రాసుకున్న వంటల నోటుపుస్తకం తెచ్చుకున్నారు. డైటీషియన్ మామగారికి ‘పూటకు 60 గ్రాముల బియ్యం’ అని రాసిచ్చారు. దాంతో పాఠకురాలు ఒక చిన్న డిజిటల్ కాటా కొన్నారు. రోజూ పళ్లెం దాని మీద పెట్టి, 60 గ్రాముల అన్నం తూచి మామగారికి వడ్డిస్తున్నారు. ‘నన్ను పస్తులుంచుతున్నారు’ అని ఆయన గొణుగుడు. ఈమధ్య రెండుసార్లు రాత్రిపూట ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికాయట.

ఇంతలో ఇంట్లో వ్రతం వచ్చింది. పులిహోర వండాలి. అత్తగారి పుస్తకంలో ‘పది సోలల బియ్యం, ఇరవై సోలల నీళ్లు’ అని ఉంది. భర్త ఫోన్‌లో వెతికి ‘సోల అంటే కప్పు, కప్పు అంటే 200 గ్రాములు’ అని తేల్చారు. ఆ లెక్కన 2 కిలోల బియ్యం, 4 కిలోల నీళ్లు తూచి ఎసరు పెట్టారు. అన్నం పలుకైంది. చుట్టాలు తిన్నామనిపించి లేచారు. ‘ఈ సోలతో నలభై ఏళ్లు వండాను, ఎవరికీ పలుకన్నం పెట్టలేదు’ అని అత్తగారు ఒక్క మాట అని, సోల తీసి పైఅరలో పెట్టేశారు. అప్పటినుంచి ఆవిడ వంటింట్లో అడుగుపెట్టడం లేదు.

పాఠకురాలు అడిగినవి: సోలెడు బియ్యం అసలు ఎన్ని గ్రాములు? మా అమ్మ రాసిచ్చిన కొలతలకూ అత్తయ్య కొలతలకూ ఎందుకు పొంతన కుదరదు? కాటా వాడాలా, సోలకే తిరిగి వెళ్లాలా? చివర ఒక చిన్న ప్రశ్న: సోల అడుగున సొట్ట ఉంది, దానివల్ల కొలత తప్పుతుందా?

సమాధానం

ముందు మీ మామయ్యగారి పళ్లెం సంగతి చూద్దాం. సోల సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఇది మాత్రం ఈ పూటే సరిచెయ్యాలి.

డైటీషియన్ రాసింది 60 గ్రాముల బియ్యం. మీరు పెడుతున్నది 60 గ్రాముల అన్నం. కిలో బియ్యం పలుకుగా వండితే రెండున్నర కిలోల అన్నం దిగుతుంది, మెత్తగా వండితే మూడు కిలోలు, ఒక్కోసారి ఇంకా పైన. ఆ పెరిగిన బరువంతా నీళ్లే. అంటే ఆయన పళ్లెంలో పడుతున్నది 20 నుంచి 24 గ్రాముల బియ్యం, రాసినదాంట్లో మూడోవంతు. వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములుంటుంది. 60 గ్రాముల బియ్యానికి 47 గ్రాములు రావాలి. ఆయనకు అందుతున్నది 16 నుంచి 19. మాత్రలు మాత్రం పూర్తి భోజనానికి సరిపడా వేసుకుంటూ ఉంటారు. పస్తులుంచుతున్నారన్న ఆయన మాట వట్టి గొణుగుడు కాదు.

చెమటలు, వణుకు అని రాశారు కాబట్టి ఈ రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. మళ్లీ అలా అయితే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70కి లోపు ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మీటరు చేతిలో లేకపోతే దానికోసం ఆగకుండా పంచదార నీళ్లు ఇవ్వండి. స్పృహ తప్పినట్టుంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. డైటీషియన్‌ను కూడా ఒక్క ముక్క అడిగి, ఆ కాగితం మీదే రాయించుకోండి: ‘60 గ్రాములు పచ్చి బరువా, ఉడికాకనా?’ మన దగ్గర ఆహార పట్టికలు ఎక్కువగా పచ్చి బరువుల్లోనే ఇస్తారు. పూట మొత్తానికి 60 గ్రాముల అన్నం రాయడం అరుదు. అయినా ఊహ మీద నడపాల్సిన విషయం కాదిది.

పచ్చి బరువే అని తేలితే ఆయనకోసం వేరే గిన్నె పెట్టనక్కర్లేదు. ఇంటందరికీ వండిన దాంట్లోంచే తియ్యవచ్చు. వండేముందు బియ్యం తూచండి, 380 గ్రాములనుకుందాం. వండబోయే ఖాళీ గిన్నె బరువు ఒకసారి చూసి రాసుకోండి. అన్నం అయ్యాక గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసెయ్యండి. 1,140 గ్రాములు వచ్చిందంటే బియ్యం సరిగ్గా మూడింతలైంది. కాబట్టి ఆయన వాటా 60 ఇంటూ 3, అంటే 180 గ్రాముల అన్నం. మూడునాలుగు రోజులు ఇలా చూస్తే మీ బియ్యానికి, మీ ఎసరుకు ఆ అంకె ఎంతో స్థిరపడుతుంది. ఆ తర్వాత 180 గ్రాములు పట్టే గిన్నె ఒకటి చూసి పెట్టుకుంటే పళ్లేన్ని రోజూ కాటా ఎక్కించే పనుండదు. తూకం వేసిన అన్నం ముందు కూర్చోవడం ఏ పెద్దమనిషికైనా ఇబ్బందిగానే ఉంటుంది. గిన్నెతో వడ్డిస్తే ఆ ఇబ్బంది పోతుంది. అయితే గిన్నెలో అన్నం అదిమితే ఇరవై ముప్పై గ్రాములు ఎక్కువ పడుతుంది, వదులుగా వేస్తే తగ్గుతుంది. వారానికోసారి కాటా మీద సరిచూసుకోండి. బియ్యం బస్తా మారినప్పుడు ఆ మూడింతల లెక్క కూడా కొత్తగా చూడాలి.

ఇక సోల. ‘సోలెడు బియ్యం ఎన్ని గ్రాములు?’ అంటే అందరి సోలకూ సరిపోయే జవాబు లేదు. మీ సోలకు మాత్రం ఉంది. పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

కాటాను గచ్చు మీదో గ్రానైటు బల్ల మీదో పెట్టండి, గుడ్డ మీద వద్దు. ఖాళీ సోల పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చెయ్యండి. అంచుదాకా నీళ్లు పొయ్యండి. ఒక గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరు, కాబట్టి కాటా చూపే అంకే సోల పరిమాణం. 230 వచ్చిందనుకుందాం. ఇప్పుడు సోల పొడిగా తుడిచి, మీరు రోజూ వండే బియ్యం నింపి, వేలితో పైన గీసి, తూచండి. ఒక్కసారితో ఆగవద్దు, మూడుసార్లు నింపి మూడుసార్లు తూచండి. 189, 193, 191 ఇలా వస్తాయి. సగటు 191 అని రాసుకోండి. నాలుగైదు గ్రాముల తేడా ఎవరి చేతికైనా వస్తుంది, అన్నానికి అది లెక్కలోది కాదు.

కాటా మీద అనుమానం ఉంటే అరలీటరు పాల ప్యాకెట్టు పెట్టి చూడండి. పాలు నీళ్లకన్నా కొంచెం బరువు, అందుకని కవరుతో కలిపి 515, 520 మధ్య చూపించాలి. 500 చూపిస్తే కాటాయే తక్కువ చూపుతున్నట్టు, లేదా పాలవాడితో మాట్లాడాల్సిన పని ఉన్నట్టు.

సన్న బియ్యం, అంటే బాపట్ల మసూరి, సోనా రకాలు, వంద మిల్లీలీటర్లకు 82 నుంచి 85 గ్రాములు తూగుతాయి. బాస్మతి గింజ పొడుగు, మధ్యలో ఖాళీలు ఎక్కువ, 78 నుంచి 80 దగ్గర ఉంటుంది. ఇడ్లీరవ్వ 70 దగ్గర. బియ్యప్పిండి వదులుగా పోస్తే 50, 55. అదిమితే 65 దాటిపోతుంది. పిండిని పాత్రతో కొలవడం దండగ అనేది అందుకే. బియ్యం కూడా సోలను బల్లకేసి నాలుగుసార్లు తడితే సర్దుకుని ఐదు నుంచి పది శాతం ఎక్కువ పడుతుంది. డబ్బాలోంచి పోసి గీసెయ్యడమా, తట్టి గీయడమా, ఏదో ఒకటి అలవాటు చేసుకోండి.

ఈ పట్టీతో చూస్తే మీవారి లెక్క మరీ తప్పు కాదు. 250 మిల్లీలీటర్ల కప్పుకు 200 గ్రాములు సరిగ్గానే సరిపోతుంది. చిక్కల్లా కప్పు అనే మాటతోనే. అమెరికా వంటల్లో కప్పంటే 240 దగ్గర, ఆస్ట్రేలియా లెక్కలో 250. రైస్‌కుక్కరుతో వచ్చే ప్లాస్టిక్ కప్పు చాలావాటిలో 180 మిల్లీలీటర్లే, జపాన్ వాళ్ల ‘గో’ అనే పాత కొలత అది. దాంట్లో బియ్యం 150 గ్రాములే పడుతుంది. కుక్కరు గిన్నె లోపలి గీతలు ఆ చిన్న కప్పును నమ్ముకుని గీసినవి. ఆ కప్పు పోగొట్టుకుని పెద్ద కప్పుతో బియ్యం పోసి, గీతదాకా నీళ్లు పోస్తే అన్నం తప్పకుండా గట్టిపడుతుంది. చాలా ఇళ్లలో ‘కుక్కరు బాగాలేదు’ అనే ఫిర్యాదు వెనుక ఉన్నది ఇదే.

మరి పులిహోర ఎందుకు చెడింది? సోలను 191కి బదులు 200 అనుకోవడంవల్ల పది సోలలకు వచ్చిన తేడా 90 గ్రాములు. దానికి అన్నం పలుకవదు. అసలు తప్పు నీళ్ల దగ్గర జరిగింది. చాలామంది ఇక్కడే పడతారు.

అత్తయ్యగారి ‘ఒకటికి రెండు’ పాత్రల లెక్క. సోల బియ్యం 191 గ్రాములు, సోల నీళ్లు 230 గ్రాములు. ఒకే సోల, రెండు బరువులు. కాబట్టి పాత్రలో ఒకటికి రెండు అంటే బరువులో ఒకటికి రెండు కాదు, 191కి 460. అంటే ఒకటికి రెండు పాయింట్ నాలుగు. ఆవిడ పద్ధతిలో పది సోలలకు 4.6 లీటర్ల నీళ్లు పడేవి. మీరు బియ్యాన్ని గ్రాముల్లోకి మార్చారు, నీళ్లను మాత్రం పాత నిష్పత్తిలోనే ఉంచేశారు. 2 కిలోల బియ్యానికి ఆ లెక్కన 4.8 లీటర్లు కావాలి, మీరు పోసింది 4. ముప్పావు లీటరుకు పైన కొరత. పాత్రల భాషలో చెప్పాలంటే ఒకటికి ఒకటీ ముప్పావు కూడా పొయ్యలేదు. పాత బియ్యమైతే ఇంకా ఎక్కువ అడుగుతుంది కూడా.

మీ కాటా తప్పు కాదు, ఆవిడ సోల తప్పు కాదు. రెండు కొలమానాలను ఒకే గిన్నెలో కలిపారు, అంతే. ఈ మాట ఆవిడతో ఇలాగే చెప్పవచ్చు.

ఇంతకీ సోల నలభై ఏళ్లు ఎందుకు తప్పలేదంటారా? దానికి గ్రాములతో పనే లేదు. బియ్యమూ నీళ్లూ ఒకే పాత్రతో కొలిచినంతకాలం ఆ పాత్ర సోల అయినా, టీ గ్లాసు అయినా, కొబ్బరిచిప్ప అయినా అన్నం ఒకేలా వస్తుంది. కొలత ఇల్లు దాటినప్పుడే గ్రాములు కావాలి. డైటీషియన్ కాగితం నుంచి మీ పళ్లేనికి, అంగడి బస్తా నుంచి మీ ఎసరుకు, అత్తయ్యగారి పుస్తకం నుంచి దూరాన ఉన్న ఇంకో వంటింటికి వెళ్లేటప్పుడు సోల అక్కడ ఉండదు కదా.

మీ అమ్మగారి కొలతల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఇద్దరూ ‘సోల’ అన్నా అది ఒకే పాత్ర కాదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచెం అనే వరుస చాలాచోట్ల వినిపిస్తుంది. మీ అమ్మగారు సోలెడు, తవ్వెడు, మానెడు అంటారు. వరుస కలిసినా పాత్ర సైజు కలవాలని లేదు, ఊరికో సోల. తూకాల్లోనూ అంతే: మద్రాసు వైపు శేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. 80 తులాల శేరు చెలామణీలో ఉన్నచోట అదే మాటకు 933 గ్రాములు. ఒకే మాట, మూడింతలకు పైగా తేడా. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, 1958 నుంచి కిలోలు బజారులోకి దిగాయి, కానీ వంటింటి అటకమీది సోలను ఎవరూ వచ్చి మార్చలేదు. అత్తయ్యగారి పుస్తకంలో ఎక్కడైనా ‘వీశె’ అని కనబడితే అది పాత్ర కొలత కాదు, తూకం. 120 తులాలు, ఇప్పటి 1.4 కిలోలు. పావువీశె బెల్లమంటే 350 గ్రాములు. పాత పుస్తకాల్లో ఒకే వాక్యంలో మానిక బియ్యం, పావువీశె బెల్లం పక్కపక్కనే ఉంటాయి. మొదటిది పాత్రతో కొలిచింది, రెండోది త్రాసులో తూచింది. జాగ్రత్తగా విడదీసుకోవాలి.

ఇంకొకటి. అత్తయ్యగారు వేలితో పైన గీస్తారని, మీ అమ్మగారు కుప్పగా పోస్తారని మీరే ఉత్తరంలో ఒకచోట రాశారు, మామూలు ముచ్చటలా. అసలు పొంతన కుదరనిది అక్కడే. మూతి 8 సెంటీమీటర్లున్న సోల మీద బియ్యం కుప్ప నిలిచినంత నిలిస్తే రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. దాంట్లో 40 మిల్లీలీటర్ల పైచిలుకు బియ్యం ఉంటుంది, 35 గ్రాములు. నీళ్లు మాత్రం కుప్పగా నిలబడవు! కాబట్టి కుప్పసోలకు రెండు సోలల నీళ్లంటే నిజంగా పడేది ఒకటికి ఒకటీ పాయింట్ ఏడే. మీ అమ్మగారి అన్నం అందుకే పొడిపొడిగా ఉంటుంది, అత్తయ్యగారిది మెత్తగా. ఇద్దరూ చెప్పింది మాత్రం ‘ఒకటికి రెండే’. మూతి వెడల్పయిన కొద్దీ కుప్ప పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల మూతి ఉన్న గిన్నెతో కొలిస్తే కుప్పే అరసోల దాటిపోవచ్చు. సన్న మూతి గ్లాసు కొలతకు నమ్మకమని పెద్దవాళ్లు అనేది ఇందుకే. అమ్మగారి పుస్తకం గ్రాముల్లోకి మార్చాలంటే ఆవిడ సోలను, ఆవిడే కుప్ప పోసి చూపించినట్టుగా తూచాలి. వీడియోకాల్‌లో చేయించినా సరే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకొద్దాం. కాటానా, సోలా? మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, పూర్తిగా సోలకు తిరిగి వెళ్లడం, సోల బరువులు మాత్రం ఒక కార్డు మీద రాసి అల్మరా తలుపు లోపల అంటించుకోవడం. రోజువారీ అన్నానికి ఇది చాలు. వంటింట్లో అత్తయ్యగారి చెయ్యే నడుస్తుంది. నాలుగైదు శాతం అటూఇటూ అవుతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. కానీ బియ్యం రకం మారిన రోజు కార్డు పాతబడుతుంది, మామయ్యగారి పళ్లేనికి ఆధారం పోతుంది. వంటమనిషిని పెట్టుకున్నా, ఆవిడ ఊరెళ్లినా ‘గీసి పోయడమా, కుప్పా’ అనే ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

రెండు, అన్నీ కాటా మీదే. దీంట్లో ఒక సుఖం ఉంది, చాలామందికి తెలియదు. బియ్యం కడిగి వంచేశాక కూడా గింజలను పట్టుకుని కొన్ని నీళ్లు ఉండిపోతాయి. 380 గ్రాముల బియ్యానికి అవి 40, 50 గ్రాములు ఉండవచ్చు. సోలతో వండేటప్పుడు ఈ నీళ్లు లెక్కలోకి రావు, ఒకరోజు బాగా వంచి, ఒకరోజు తొందరలో వదిలేస్తే అన్నం మారిపోతుంది. కాటాతో అయితే ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, కడిగిన బియ్యం అందులో వేసి, మొత్తం 1,300 గ్రాములు చూపేదాకా నీళ్లు పోస్తే సరి. 380 బియ్యం, 920 నీళ్లు. అంటుకున్న నీళ్లు వాటంతటవే లెక్కలో కలిసిపోతాయి. గిన్నె మరీ బరువైనదైతే కాటా పరిమితి చూసుకోండి. 5 కిలోల కాటా మీద పెద్ద ప్రెషర్‌కుక్కరు, బియ్యం, నీళ్లు అన్నీ ఎక్కిస్తే హద్దు దాటి తప్పు చూపవచ్చు, పాడైపోవచ్చు కూడా. ఈ దారిలో నష్టమేమిటంటే, వంట కాటా చేతికి వెళుతుంది. నలభై ఏళ్లు చేతి అంచనాతో వండిన మనిషిని బటన్ నొక్కి సున్నా చేశాక పోయమంటే, ఆవిడకు అది సాయంలా కనబడదు. బ్యాటరీ బలహీనపడిన రోజు ఇంట్లో ఎవరికీ ఏ కొలతా తెలియదు.

మూడోది, నా మొగ్గు ఇటువైపే: గిన్నెలోకి సోల, పళ్లెంలోకి కాటా. ఎసరు, బియ్యం అత్తయ్యగారి సోలతోనే. మామయ్యగారి వాటా మాత్రం పైన చెప్పిన మూడింతల లెక్కతో. పెద్ద వంటలప్పుడు, పిండివంటలప్పుడు కాటా. దీనికి కావలసిందల్లా ఒక కట్టుబాటు: ఒక వంటలో ఒకే కొలమానం. బియ్యం సోలతో కొలిస్తే నీళ్లు కూడా సోలతోనే. బియ్యం తూచితే నీళ్లు కూడా తూచాలి, అదీ రెండు పాయింట్ నాలుగు లెక్కన, రెండింతలు కాదు. ఇద్దరు వండే ఇంట్లో ఈ కట్టుబాటు మర్చిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ అంకె కూడా కార్డు మీద ఎక్కాలి.

ఆ కార్డు మీద ఇడ్లీ కూడా రాయండి. అక్కడా ఇదే బోల్తా. మినపగుళ్లు ఒక సోల, ఇడ్లీరవ్వ రెండు సోలలు అన్నది పాత్ర లెక్క. గుళ్లు సోలకు 190 గ్రాముల దగ్గర తూగితే రవ్వ 160 దగ్గరే తూగుతుంది. అంటే తూకంలో 190కి 320. ‘ఒకటికి రెండు’ కదా అని 190కి 380 తూచారంటే 60 గ్రాముల రవ్వ ఎక్కువై ఇడ్లీ రాయిలా వస్తుంది, తప్పు మినప్పప్పు మీదకు పోతుంది. అరిసెలకైతే బియ్యం నానబెట్టకముందే తూచాలి. నానిన బియ్యం పాతిక, ముప్పై శాతం బరువెక్కుతుంది. తడిపిండి తూచి బెల్లం లెక్క కడితే పాకం ఎక్కువై అరిసె నూనెలో విడిపోతుంది.

మళ్లీ పులిహోర వండాల్సి వస్తే, ఎలాగూ వస్తుంది, ఇలా చెయ్యండి. ఒక్కొక్కరికీ నాలుగైదు వంటకాల్లో ఒకటిగా వడ్డించేటప్పుడు 60 నుంచి 75 గ్రాముల బియ్యం చాలు. 2 కిలోలు ముప్పైమందికి సరిపోతాయి. దొన్నెలో ప్రసాదంగా పంచేటట్లయితే నలభై మందికి వస్తుంది. నీళ్లు 2 కిలోలకు 4.5 లీటర్లతో మొదలుపెట్టండి, 4.8 కాదు. పెద్ద గిన్నెలో ఆవిరై పోయే నీళ్లు బియ్యంతోపాటు అదే వంతున పెరగవు, పైగా పులిహోరకు పొడిపొడిగా ఉండాలి. పక్కన అరలీటరు నీళ్లు మరిగించి ఉంచుకోండి. గింజ నలిపితే మధ్యలో తెల్లటి చుక్క కనబడిందంటే ఆ వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచితే సర్దుకుంటుంది. చన్నీళ్లు మాత్రం పొయ్యవద్దు, పైన మెత్తబడి లోపల అలాగే ఉంటుంది. ఆ రోజు పలుకన్నం కూడా ఇలా తేరుకునేదే.

అసలు కొలతే లేకుండా వండే దారి కూడా ఉంది: గంజి వార్చడం. ధారాళంగా మరిగే నీళ్లలో బియ్యం వేసి, గింజ ఉడికిన క్షణాన వార్చేస్తే ఒకటికి రెండా, రెండున్నరా అన్న బాధే లేదు. పెద్ద వంటల్లో వంటవాళ్లు చేసేది ఇదే. బదులుగా ఆ పది నిమిషాలు పొయ్యి దగ్గరనుంచి కదలకూడదు. రెండు కిలోల బియ్యం వండిన గుండిగ వార్చడానికి ఇద్దరు మనుషులు, నాలుగు గుడ్డలు కావాలి. బి విటమిన్లు కొంత గంజిలో పోతాయి. ఉప్పు, ఏ వంటకైనా, చెంచాలతో కాక తూకంతోనే పెట్టుకోండి. కిలో బియ్యం పులిహోరకు 35 నుంచి 40 గ్రాములు, చింతపండు 100 నుంచి 125. కల్లుప్పు చెంచా, మెత్తని ఉప్పు చెంచా ఒకే బరువు తూగవు. అత్తయ్యగారి పుస్తకంలో ఉన్నది కల్లుప్పే అయ్యుంటుంది.

ఆవిడను మళ్లీ వంటింట్లోకి ఎలా పిలవాలో నేను చెప్పలేను, మీ ఇంటి తీరు మీకు తెలుసు. ఒకటి మాత్రం సూచిస్తాను. సోల తూచే ఆ పది నిమిషాల పని మీరొక్కరే చెయ్యకండి. ‘అత్తయ్యా, మీరు పోసి గియ్యండి, నేను అంకె రాసుకుంటాను’ అనండి. అది మర్యాదకోసం చెప్పే మాట కాదు, పనికి కూడా అదే సరైన పద్ధతి. కార్డు మీద ఎక్కాల్సింది ఆవిడ చెయ్యి గీసిన సోల బరువే గాని, మీ చెయ్యి గీసింది కాదు. పుస్తకంలో ఉన్నవన్నీ ఆ చేతి కొలతలే కదా. వ్రతం రోజు నీళ్ల లెక్క మీ వైపునే తప్పిందని, ఆవిడ పుస్తకం తప్పలేదని కూడా అప్పుడే చెప్పెయ్యవచ్చు. లేదు, ఇప్పుడు అడిగితే ఇంకా బిగుసుకుంటారనిపిస్తే, మామయ్యగారి అన్నం లెక్క సరిచేసి నాలుగు రోజులు ఆగండి. ఆయన గొణుగుడు తగ్గితే ఇంట్లో సగం వేడి తగ్గుతుంది.

చివరగా సొట్ట. అడుగున సొట్ట ఉంటే సోలలో కొన్ని మిల్లీలీటర్లు తక్కువ పడతాయి, కానీ బియ్యానికీ నీళ్లకూ ఒకేలా తక్కువ పడతాయి కాబట్టి అన్నం తేడా చెయ్యదు. ఆ సొట్టతోనే ఆవిడ ఇన్నేళ్లూ వండారు. తట్టి బాగుచేయించవద్దు, చేయిస్తే పుస్తకంలోని పది సోలలు వేరే పది సోలలవుతాయి. ఎప్పుడైనా కిందపడి కొత్త సొట్ట పడితే మాత్రం మళ్లీ నీళ్లు నింపి తూచి, కార్డు మీద 230 ఉన్నచోట కొత్త అంకె రాసుకోండి.